గెట్, టేక్, గివ్ అప్... ఫ్రెంచిలో వీటిని ఏమంటారు?

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచి తీసుకున్నవాళ్ళు, కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం టెఫ్ అనే ఫ్రెంచి పరీక్షకు తయారయ్యేవాళ్ళు, ఫ్రెంచి నేర్పే సంస్థ హైదరాబాద్ ఆలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో క్లాసులకు వెళ్ళేవాళ్ళు. ఇలా తెలుగువాళ్ళలో ఫ్రెంచి జోలికి వెళ్ళేవాళ్ళు దాదాపు అందరూ ఆ భాషను ఇంగ్లీషు మీదుగానే నేర్చుకుంటారు. పుస్తకంలో ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు ఫ్రెంచి. వస్తువుల పేర్ల వరకు ఈ ఏర్పాటుతో పెద్ద పేచీ ఏమీ ఉండదు. క్రియల దగ్గరికి వచ్చేసరికే అసలు తంటా. 'గెట్' అంటే ఫ్రెంచిలో ఏమిటని అడిగితే సూటిగా జవాబు చెప్పగలిగేవారు లేరు. 'గెట్ అప్', 'గెట్ ఆన్', 'గెట్ ఓవర్', 'గెట్ బై' అంటూ దానికో తోక తగిలిస్తే మరీ కష్టం. తోకకో మాట, క్రియకో మాట వెతికి రెండూ అతికిస్తే ఫ్రెంచివాళ్ళకు అర్థంకాని ఫ్రెంచి తయారవుతుంది.

ఒకప్పుడు యానాంలో పరిస్థితి వేరు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఆ ఊళ్ళో తెలుగుకూ ఫ్రెంచికీ మధ్య ఇంగ్లీషు నిలబడాల్సిన పని లేదు. ఇప్పుడు నేర్చుకునేవాళ్ళకు ఆ సౌకర్యం లేదు గానీ, చిక్కు వచ్చిన చాలాచోట్ల ఇంగ్లీషును కాసేపు పక్కనపెట్టి అదే మాట తెలుగులో ఎలా అంటామో చూసుకుంటే దారి దొరుకుతుంది. అన్నిచోట్లా కాదు. ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ తెలుగు కూడా తప్పుదారి పట్టిస్తుంది అన్నదే ఇక్కడ చూడవలసింది.

(ఫ్రెంచి మాటల్లో కనిపించే అరసున్న ముక్కుతో పలికే ధ్వనికి గుర్తు. మిగతా ఉచ్చారణ తెలుగు లిపిలో కుదిరినంత మేరకే.)

ఎలా వెళ్ళాడు, ఎటు వెళ్ళాడు

1909 జులై 25న ఫ్రెంచి వైమానికుడు లూయీ బ్లేరియో ఫ్రాన్సు ఒడ్డున కలే దగ్గర విమానం ఎక్కి, ఇంగ్లిష్ చానెల్ మీదుగా అరగంట పైచిలుకు ఎగిరి ఇంగ్లండులో డోవర్ దగ్గర దిగాడు. ఈ సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే 'బ్లేరియో ఫ్లూ అక్రాస్ ద చానెల్'. ఫ్రెంచిలో 'బ్లేరియో ఆ త్రవెర్సే లా మాఁష్ ఆఁ నవియోఁ' (లా మాఁష్ అంటే ఇంగ్లిష్ చానెల్). ఇంగ్లీషులో అసలు క్రియ 'ఎగరడం'. దాటడం అన్న సంగతి 'అక్రాస్' అనే చిన్నమాట చూసుకుంటుంది. ఫ్రెంచిలో అసలు క్రియ 'త్రవెర్సే', అంటే దాటడం. ఎలా దాటాడన్నది 'ఆఁ నవియోఁ' (విమానంలో) అంటూ వాక్యం చివరికి వెళ్ళింది. క్రియలో ఉన్నది పక్కకు పోయింది, పక్కన ఉన్నది క్రియలోకి వచ్చింది. జాఁ-పోల్ వినే, జాఁ దార్బెల్నే అనే ఇద్దరు భాషావేత్తలు 1958లో ఈ మార్పిడికి 'షాసే-క్రువాజే' అని పేరు వాడారు. జంటగా నాట్యం చేసేవాళ్ళు ఒకరి చోటికి ఒకరు మారే అడుగు పేరది. తర్వాత 1980లలో అమెరికన్ భాషావేత్త లెనర్డ్ టాల్మీ ప్రపంచ భాషలను ఈ లెక్కనే రెండు జట్లు చేశాడు: కదిలే దారిని క్రియలోనే చెప్పేవి, క్రియ పక్కన చిన్నమాటలతో చెప్పేవి. ఫ్రెంచి, స్పానిష్ మొదటి జట్టు. ఇంగ్లీషు, జర్మన్ రెండోది.

మరి తెలుగు? 'బ్లేరియో విమానంలో ఇంగ్లిష్ చానెల్ దాటాడు' అంటాం. అసలు క్రియ దాటడమే. 'హి స్వామ్ అక్రాస్ ద రివర్' అంటే 'నది ఈది దాటాడు'. ఫ్రెంచిలో 'ఇల్ ఆ త్రవెర్సే లా రివియేర్ ఆ లా నాజ్'. ఈత పక్కన, దాటడం నడిమధ్య. ఇంగ్లీషు వాక్యం ముందు పెట్టుకుని 'నజే' (ఈదు) అనే క్రియతో మొదలుపెట్టిన విద్యార్థి 'అక్రాస్'కు మాట దొరక్క ఇరుక్కుంటాడు. తెలుగు వాక్యంతో మొదలుపెడితే ఆ ఇరుకే ఉండదు.

పిల్ల నిద్రలేస్తుందేమోనని తల్లి మునివేళ్ళ మీద గది బయటికి వచ్చిందనుకుందాం. ఇంగ్లీషుకు 'టిప్‌టోడ్ అవుట్' చాలు. ఫ్రెంచి మాత్రం 'ఎల్ ఎ సోర్తీ స్యూర్ లా పోయేఁత్ దే పియే' అంటుంది. బయటికి వచ్చింది, కాలివేళ్ళ కొసల మీద. తెలుగు వాక్యం కూడా అలాగే నడిచింది చూడండి.

ఇక్కడ ఇంకో సూక్ష్మం ఉంది. 'హి వాక్డ్ ఇన్‌టు ద రూమ్' అన్న వాక్యానికి ఫ్రెంచి చేస్తూ శ్రద్ధగలవాళ్ళు 'ఆఁ మార్షాఁ' (నడుస్తూ) అని చేరుస్తారు. అది అక్కర్లేదు. మనిషి గదిలోకి నడిచే వస్తాడు. 'ఇల్ ఎ ఆఁత్రే దాఁ లా పియెస్' అంటే చాలు. 'గదిలోకి వచ్చాడు' అంటాం గానీ 'నడుచుకుంటూ గదిలోకి వచ్చాడు' అంటే వినేవాళ్ళకు అనుమానం వస్తుంది: నిన్నటిదాకా కాలికి కట్టుందా ఏమిటి అని. ఇంగ్లీషుకు ఏదో ఒక నడక క్రియ వాడడం అలవాటు కాబట్టి 'వాక్' వాడుతుంది. ఫ్రెంచికి ఆ అవసరం లేదు. అనువాదంలో మాట వదిలెయ్యడం తప్పు కాదు, కొన్నిసార్లు అదే ఒప్పు.

తెలుగు పూర్తిగా ఫ్రెంచి జట్టేనా అంటే, కాదు. 'ఇంట్లోకి పరుగెత్తాడు' అని మనం అనగలం. 'లో'కూ 'లోకి'కీ తేడా మనకుంది. ఫ్రెంచి 'దాఁ' అన్న ఒక్క మాటతో రెండూ నెట్టుకొస్తుంది. అందుకే 'ఇల్ ఆ కురు దాఁ లా మెజోఁ' అంటే ఫ్రెంచివాళ్ళు సాధారణంగా 'ఇంట్లో (అటూ ఇటూ) పరుగెత్తాడు' అనే అర్థం చేసుకుంటారు. లోపలికి వెళ్ళాడని చెప్పాలంటే 'ఇల్ ఎ ఆఁత్రే ఆఁ కురాఁ' అనాల్సిందే, అంటే 'పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళాడు'. తెలుగులో రెండు రకాలుగా అనగలిగినప్పుడు 'కుంటూ' ఉన్న వాక్యాన్ని ఎంచుకుంటే ఫ్రెంచికి దగ్గరవుతాం.

ఒక వాక్యాన్ని విప్పి చూద్దాం. 'షి రాన్ బ్యాక్ ఇన్ టు గెట్ హర్ ఫోన్.' ఇందులో 'రాన్' ఎలా వెళ్ళిందో చెబుతుంది, 'బ్యాక్' మళ్ళీ అని, 'ఇన్' లోపలికి అని చెబుతాయి. 'గెట్' తెచ్చుకోవడం. ఫ్రెంచిలో 'ఎల్ ఎ రాఁత్రే ఆఁ కురాఁ షెర్షే సోఁ తెలెఫోన్'. 'ఇన్' పోయి 'ఆఁత్రే' అన్న క్రియ అయింది. 'బ్యాక్' దాని ముందు 'ర' అయి కూర్చుని 'రాఁత్రే' అయింది. 'రాన్' వెనక్కి వెళ్ళి 'ఆఁ కురాఁ' అయింది. ఇక 'గెట్' వంతు. వెళ్ళి తెచ్చుకోవడం కాబట్టి 'షెర్షే' సరిపోయింది. విడిగా దాని అర్థం వెతకడమే అయినా, పోయే క్రియ పక్కన చేరితే తెచ్చుకోవడం అవుతుంది. నాలుగు ఇంగ్లీషు మాటల్లో ఒక్కటి కూడా తన చోట మిగల్లేదు.

తోక ముందుకు వెళ్ళింది

ఇంగ్లీషు క్రియల వెనక వచ్చే తోకల్లాంటివి ఫ్రెంచికి అసలు లేవని కాదు. అవి క్రియ ముందు అతుక్కుపోయాయి. 'ర' అన్నది 'బ్యాక్', 'అగెయిన్' రెండింటి పనీ చేస్తుంది: అప్లే అంటే పిలవడం లేదా ఫోన్ చేయడం, రప్లే అంటే తిరిగి ఫోన్ చేయడం. వనిర్ రావడం, రవ్‌నిర్ తిరిగి రావడం. ఇంకొకటి 'ఆఁ'. లాటిన్‌లో 'అక్కణ్ణుంచి' అనే అర్థమున్న 'ఇందె' దీనికి మూలం. ఇంగ్లీషు 'అవే'కి ఇది సమానం. 'ఫుయిర్' పారడం, 'సాఁఫుయిర్' పారిపోవడం. 'వొలే' ఎగరడం, 'సాఁవొలే' ఎగిరిపోవడం. 'అలే' వెళ్ళడం, 'సాఁ నలే' వెళ్ళిపోవడం. తెలుగు వాటన్నిటికీ 'పో' వచ్చి చేరడం కాకతాళీయమే కావచ్చు, గుర్తుపెట్టుకోవడానికి మాత్రం ఇంతకంటే తేలిక ఉపాయం ఉండదు.

ఫ్రాన్సులో ఏ చిన్న తిండి కొట్టుకు వెళ్ళినా ముందుగా అడిగే మాట 'స్యూర్ ప్లాస్ ఊ ఆ ఆఁపోర్తే?' ఇక్కడే తింటారా, పార్సిలా అని. 'టేక్ అవే' అన్న రెండు మాటలు 'ఆఁపోర్తే' అన్న ఒక్క మాటలో ఇమిడాయి. అయితే ఇక్కడ ఫ్రెంచి పెట్టే ఒక షరతు ఇంగ్లీషులో లేదు. వస్తువునైతే ఆఁపోర్తే, మనిషినైతే ఆఁమ్నే. తేవడంలోనూ అంతే: వస్తువుకు అపోర్తే, మనిషికి అమ్నే. 'టేక్', 'బ్రింగ్' రెండూ మనిషికీ సంచికీ తేడా చూపవు. తెలుగులో 'తీసుకెళ్ళు' కూడా రెండింటికీ పనికొస్తుంది. కాస్త జాగ్రత్తగా వింటే మాత్రం 'పట్టుకెళ్ళు' అనేది వస్తువులకు, 'వెంటబెట్టుకెళ్ళు' అనేది మనుషులకు అని మన నోటికి తెలుసు. ఆ చెవిని వాడుకోవాలి. మాట్లాడేటప్పుడు ఫ్రెంచివాళ్ళే అమ్నే, అపోర్తేలను కలిపేస్తారు. పరీక్షలో అది చెల్లుతుందనుకోకూడదు.

'అప్' సంగతి వేరు. 'ఈట్ అప్', 'డ్రింక్ అప్'లలో 'అప్' పైకీ కిందకీ సంబంధించింది కాదు, పని పూర్తయిందని చెప్పేది. తెలుగులో దానికి తినేశాడు, తాగేశాడు ఉన్నాయి. ఫ్రెంచిలో అలాంటి ఏర్పాటు లేదు. 'తూ' (అంతా) అని చేర్చి 'ఇల్ ఆ తూ మాఁజే' అంటారు. అంతటితో సరి.

ఏమి గెట్, ఎవరిని గెట్

'గెట్'కు ఫ్రెంచి మాట వెతకడం మానేసి, దాని పక్కన ఏముందో చూడాలి. పక్కన ఉత్తరమో బహుమతో ఉంటే రసవ్వార్ (అందుకోవడం). ఉద్యోగమైతే త్రువే, అంటే దొరకడం, సంపాదించడం. రొట్టె అయితే అష్‌తే (కొనడం). 'ఐ గెట్ ఇట్' అంటే కోఁప్రాఁద్ర్ (అర్థమవడం). బస్సు పక్కన 'ఆన్' ఉంటే మోఁతే, 'ఆఫ్' ఉంటే దెసాఁద్ర్. ఎక్కడం, దిగడం. ఇక్కడ కూడా తెలుగు ముందే పని ముగించేసింది. మనం బస్సును 'ఆన్' చేయం, ఎక్కుతాం.

పక్కన విశేషణం వస్తే ఫ్రెంచి చాలాసార్లు రెండు మాటలు వాడదు. 'గెట్ ఓల్డ్' వియెయీర్, 'గెట్ ఫ్యాట్' గ్రోసిర్, 'గెట్ థిన్' మెగ్రిర్, 'టర్న్ రెడ్' రూజిర్. విశేషణం చివర 'ఇర్' తగిలిస్తే క్రియ అయిపోయింది. ఇది తెలియక ప్రతిచోటా 'దవ్‌నిర్' (అవడం) వాడే విద్యార్థి తప్పు రాసినట్టు కాదు గానీ, ఇంగ్లీషులో ఆలోచిస్తున్నాడని టీచరుకు వెంటనే తెలిసిపోతుంది. సన్నబడ్డాడు, ఎర్రబడింది అన్న మన మాటల్లోని 'బడు' చేసే పనే ఆ 'ఇర్' చేస్తోంది.

'టేక్'తో పరీక్ష మాట ఒకటి చూడాలి. 'టేక్ యాన్ ఎగ్జామ్'కు ఫ్రెంచి 'పాసే ఎ నెగ్జమేఁ'. చూడగానే పరీక్ష పాసైనట్టే అనిపిస్తుంది. అర్థం పరీక్ష రాయడం మాత్రమే. పాసైతే దానికి 'రేయుసిర్' అని వేరే మాట ఉంది. 'జే పాసే మోఁ నెగ్జమేఁ' అని ఇంటికి మెసేజ్ పెట్టినవాడు రిజల్ట్ చెప్పలేదు, హాలు నుంచి బయటికి వచ్చానని మాత్రమే చెప్పాడు. నడక, ప్రయాణం, మధ్యాహ్నపు కునుకు 'టేక్' కావు, 'ఫేర్' (చేయడం). విమానం 'టేక్ ఆఫ్' అయితే దెకొలే, చొక్కా 'టేక్ ఆఫ్' చేస్తే ఆఁల్‌వే. రెండింటికీ ఎలాంటి చుట్టరికం లేదు.

'గివ్ అప్' విషయంలో ఇదే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సిగరెట్లు 'గివ్ అప్' చేస్తే మానేశాడు: 'ఇల్ ఆ అరెతే ద ఫ్యూమే'. మెట్రోలో ముసలావిడకు సీటు 'గివ్ అప్' చేస్తే ఇచ్చాడు: సెదే. హక్కు వదులుకుంటే రనోఁసే. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తే అబాఁదొనే. పోలీసులకు లొంగిపోతే స రాఁద్ర్. పొడుపుకథ విప్పలేక పిల్లలు 'ఓడిపోయా, నువ్వే చెప్పు' అంటారే, అక్కడ ఫ్రెంచి పిల్లలు 'జ దోన్ మా లాఁగ్ ఓ షా' అంటారు, నా నాలుక పిల్లికి ఇచ్చేస్తున్నా అని. ఇంగ్లీషులో ఒక్క మాట దగ్గర మొదలుపెడితే ఆరు దారులు చీలాయి. తెలుగులో మొదలుపెడితే మాను, ఇవ్వు, వదులుకో, వదిలెయ్యి, లొంగిపో అంటూ ఐదు అప్పటికే విడిపోయి ఉన్నాయి.

లైటు, కుళాయి కూడా ఇలాంటివే. 'టర్న్ ఆన్', 'టర్న్ ఆఫ్' ఇంగ్లీషులో రెండింటికీ చెల్లుతాయి. ఫ్రెంచిలో లైటును వెలిగిస్తారు, ఆర్పుతారు (అల్యూమే, ఎతేఁద్ర్), కుళాయిని తెరుస్తారు, మూస్తారు (ఊవ్రిర్, ఫెర్మే). 'కుళాయి ఆర్పెయ్యి' అని మనమూ అనం కదా.

'నాకు' అన్న మాట

ఇంగ్లీషు వాక్యంలో మనిషి సాధారణంగా కర్త. 'ఐ లైక్', 'ఐ నీడ్', 'ఐ మిస్'. తెలుగులో చాలాచోట్ల మనిషికి 'కు' తగులుతుంది: నాకు నచ్చింది, నాకు కావాలి. ఫ్రెంచి రెండు రకాలుగానూ అంటుంది గానీ, నేర్చుకునేవాళ్ళు తడబడేది మాత్రం మన పద్ధతిలో ఉన్న వాక్యాల దగ్గరే. 'స మ ప్లే' అంటే అది నాకు నచ్చుతుంది. 'ఇల్ మ ఫో ద్యూ తాఁ' అంటే నాకు టైం కావాలి. 'ప్లేర్' అన్న క్రియను ఇంగ్లీషు పుస్తకాలు పేజీలకు పేజీలు వివరిస్తాయి. తెలుగు విద్యార్థికి 'నచ్చు' అని ఒక్క మాట చెబితే అయిపోయే పని అది.

అందరూ బోల్తాపడేది 'ఐ మిస్ యూ' దగ్గర. ఫ్రెంచి 'త్యూ మ మాఁక్'. 'త్యూ' అంటే నువ్వు, అదే కర్త. 'మ' అంటే నాకు. 'నాకు నువ్వు లోటుగా ఉన్నావు' అన్న వరస. ఇంగ్లీషు వరసలో 'జ త మాఁక్' అని రాస్తే 'నేను లేక నీకు బెంగగా ఉంది' అని అర్థం వస్తుంది. చెప్పదలచుకున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు. ప్రేమలేఖలో ఈ పొరపాటు జరిగితే మరీ అహంకారంగా వినిపిస్తుంది.

ఇక 'కెన్'. 'ఐ కెన్ స్విమ్' అన్న వాక్యానికి ఫ్రెంచిలో రెండు రూపాలు. ఈత నేర్చుకుని ఉంటే 'జ సే నజే'. ఇప్పుడు ఈదడానికి వీలుంటే 'జ పె నజే'. ఈ తేడా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకు వివరించడానికి ఉదాహరణలు కావాలి. తెలుగులో అది ఊపిరి పీల్చినంత సహజం: నాకు ఈత వచ్చు, నేను ఈదగలను. చెయ్యి విరిగిన గజ ఈతగాడు 'ఈదలేను' అంటాడు గానీ 'ఈత రాదు' అనడు. 'సవ్వార్'ను 'తెలుసు' అని మాత్రమే బట్టీపట్టినవాళ్ళు 'వచ్చు' అని కూడా పక్కన రాసుకుంటే బాగు.

అదే 'సవ్వార్'కు జోడీ 'కొనెత్ర్'. రెండూ ఇంగ్లీషులో 'నో', తెలుగులో 'తెలుసు'. ఇక్కడ మాత్రం తెలుగు పెద్దగా ఆదుకోదు. మనిషి, ఊరు, పాట లాంటివి పరిచయమైతే కొనెత్ర్. సంగతి తెలిస్తే సవ్వార్. కొంతవరకు పనికొచ్చే పరీక్ష ఒకటుంది: తెలుగు వాక్యంలో 'అని' వస్తే, ఉదాహరణకు 'వాడు వస్తాడని తెలుసు', ఫ్రెంచిలో సవ్వార్. 'పరిచయమే' అని మార్చి చెప్పగలిగితే కొనెత్ర్.

వేగు, వేయించు

ఇంగ్లీషులో 'బాయిల్', 'మెల్ట్', 'ఫ్రై' రెండు పనులు చేస్తాయి. నీళ్ళూ 'బాయిల్' అవుతాయి, మనమూ వాటిని 'బాయిల్' చేస్తాం. ఫ్రెంచిలో నీళ్ళు 'బుయీర్', అంటే మరగడం. మనం చేసేది 'ఫేర్ బుయీర్', మరిగించడం. వెన్న 'ఫోఁద్ర్' కరగడం, 'ఫేర్ ఫోఁద్ర్' కరిగించడం. 'ఫ్రిర్' వేగడం, 'ఫేర్ ఫ్రిర్' వేయించడం. 'కుయిర్' ఉడకడం, 'ఫేర్ కుయిర్' ఉడికించడం. ఫ్రెంచి వంటల పుస్తకం ఏ పేజీ తీసినా ఈ 'ఫేర్' కనిపిస్తుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళకు అదంతా అనవసరపు సాగతీత అనిపిస్తుంది. మనకు మాత్రం అది 'ఇంచు'.

వంటింట్లోంచి బయటికి వస్తే దీని ఉపయోగం ఇంకా పెరుగుతుంది. 'ఐ బిల్ట్ ఎ హౌస్' అని ఇంగ్లీషులో ఇటుక ముట్టనివాడు కూడా అంటాడు. ఫ్రెంచిలో 'జే కోఁస్త్రుయీ' అంటే స్వయంగా కట్టాడేమో అనుకుంటారు. మేస్త్రీ చేత కట్టిస్తే 'జే ఫే కోఁస్త్రుయిర్ యూన్ మెజోఁ', ఇల్లు కట్టించాను. తన కోసం కట్టించుకుంటే ముందు 'మ' చేరి 'జ మ సుయి ఫే కోఁస్త్రుయిర్' అవుతుంది. 'ఇంచు'కు 'కొను' చేరినట్టే. కటింగ్ చేయించుకోవడం 'స ఫేర్ కుపే లే షవె'. ఇంగ్లీషు 'గెట్ మై హెయిర్ కట్', 'హావ్ ఇట్ రిపేర్డ్' వంటి వాక్యాల్లో మాటల వరసే మారిపోయి క్రియ ఎక్కడుందో వెతుక్కోవాలి. 'చేయించుకున్నాను' అని ముందు తెలుగులో అనుకుని ఫ్రెంచి రాస్తే ఆ మెలిక తగలదు. ఈ వ్యాసంలో చెప్పిన అన్నిటిలోకీ తెలుగువాళ్ళకు ఎక్కువ లాభం ఇచ్చేది ఇదే. అయినా మన దగ్గర వాడే పుస్తకాల్లో దీన్ని ఇంగ్లీషు పిల్లలకు చెప్పినట్టే చెప్పుకుపోతారు.

దిగు, దించు లాంటి జతలకు మాత్రం ఫ్రెంచి వేరే దారి పట్టింది. దెసాఁద్ర్ అన్న ఒక్క క్రియే రెండూ చేస్తుంది, తేడా అంతా సహాయక్రియలో ఉంటుంది. 'జ సుయి దెసాఁద్యూ' అంటే దిగాను, 'జే దెసాఁద్యూ లే వలీజ్' అంటే పెట్టెలు దించాను. ఎక్కు, ఎక్కించు అన్న జత మోఁతేలో, బయటికి రావడం, బయటికి తీయడం అన్న జత సోర్తిర్‌లో ఇలాగే దాక్కున్నాయి. ఒక్క మినహాయింపు చెప్పుకోవాలి: మెట్లు దిగితే 'జే దెసాఁద్యూ లెస్కలియే'. అర్థం దిగడమే అయినా 'మెట్లు' అనే కర్మ ఉంది కాబట్టి సహాయక్రియ మారింది. ఫ్రెంచి చూసేది కర్మ ఉందా లేదా అన్నదే.

చుట్టాలు, చుట్టాల్లా కనిపించేవాళ్ళు

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దాదాపు మూడు వందల ఏళ్ళు అక్కడి రాచకొలువులో, కోర్టుల్లో ఫ్రెంచి నడిచింది. కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం వచ్చింది 1362లో. ఆ కాలంలో వచ్చి చేరిన మాటల వల్ల ఇంగ్లీషులో చాలా పనులకు రెండేసి క్రియలు మిగిలాయి. ఇంటిమాట 'గో ఆన్', పైనుంచి వచ్చింది 'కంటిన్యూ'. 'గివ్ అప్', 'అబాండన్'. 'స్టార్ట్', 'కమెన్స్'. ఫ్రెంచి మాట గుర్తురానప్పుడు ఈ రెండో మాటను పట్టుకుంటే చాలాసార్లు దాని చుట్టం దొరుకుతుంది: కోఁతిన్యుయే, అబాఁదొనే, కొమాఁసే. అయితే స్థాయి మారుతుంది. ఇంగ్లీషులో 'కమెన్స్' ఆహ్వాన పత్రికల భాష. ఫ్రెంచిలో కొమాఁసే అయిదేళ్ళ పిల్లాడి మాట. 'మొదలెట్టారా?' అనాల్సిన చోట 'ప్రారంభించారా?' అన్నట్టుంటుందేమోనని ఫ్రెంచిలో భయపడక్కర్లేదు.

ఈ చిట్కా ఎంత పనికొస్తుందో అంత ముంచుతుంది కూడా. 'అతాఁద్ర్' హాజరవడం కాదు, ఎదురుచూడడం. హాజరవడం 'అసిస్తే ఆ'. అది సాయం చేయడమూ అవుతుంది, కానీ వెనక 'ఆ' వస్తే హాజరే. 'రెస్తే' విశ్రాంతి కాదు, ఉండిపోవడం. 'దమాఁదే' గద్దించి అడగడం కాదు, మామూలుగా అడగడం. 'బ్లెసే' ఆశీర్వదించడం కాదు, గాయపరచడం. 'స్యుపోర్తే' విషయంలో మరీ జాగ్రత్త కావాలి. 'జ న ల స్యుపోర్త్ పా' అంటే 'అతనికి నా మద్దతు లేదు' అని కాదు, 'వాణ్ణి భరించలేను' అని. ఇంగ్లీషు 'పుట్ అప్ విత్'కు సరైన మాట అదే. క్రీడాభిమానులు మాత్రం ఈ మధ్య జట్టుకు మద్దతివ్వడం అన్న అర్థంలో కూడా దాన్ని వాడేస్తున్నారు. అది ఇంగ్లీషు ప్రభావం, పాతకాలం టీచర్లకు నచ్చదు.

విభక్తుల గొడవ కూడా ఇక్కడే. 'లుక్ ఫర్', 'వెయిట్ ఫర్', 'లిజన్ టు' వెనక ఉన్న చిన్నమాటలు ఫ్రెంచిలో మాయమవుతాయి: షెర్షే, అతాఁద్ర్, ఎకూతే నేరుగా కర్మను తీసుకుంటాయి. పాట విన్నాను అంటాం కదా, పాటకు విన్నాను అనం. దీనికి ఎదురుగా ఇంగ్లీషులో ఏమీ లేనిచోట ఫ్రెంచి 'ఆ' అడుగుతుంది. తెలెఫొనే, రెపోఁద్ర్, ఒబేయిర్ మూడింటికీ కావాలి. 'అమ్మకు ఫోన్ చేశాను', 'ప్రశ్నకు జవాబు చెప్పాను' అన్నప్పుడు వచ్చే 'కు' అది. ఒబేయిర్‌కు మన 'మాట విను' సరిపోదు, విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఎదురుచూడడంలో తెలుగు కూడా 'కోసం' అంటుంది కాబట్టి అక్కడ మనమూ ఇంగ్లీషువాళ్ళతో పాటే తప్పు చేస్తాం.

కెనడా వెళ్ళేవాళ్ళకు ఒక మాట

కెనడా 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే తన వలస పద్ధతిలో ఫ్రెంచి వచ్చినవాళ్ళకు విడిగా ఒక విభాగం పెట్టి పిలుస్తోంది. అప్పటి నుంచి మనవాళ్ళలో ఫ్రెంచి మీద ఆసక్తి మరింత పెరిగింది. పరీక్షకు చదివేది ఎక్కువగా ఫ్రాన్సు ఫ్రెంచి. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే రాష్ట్రం క్యుబెక్‌లో దిగాక వినిపించేది కొంచెం వేరు. చుట్టూ ఇంగ్లీషు ఉండడంతో అక్కడి ఫ్రెంచివాళ్ళు ఆ భాషను గట్టిగా కాపాడుకుంటారు. 1977లో వచ్చిన 101వ నంబరు చట్టం ఫ్రెంచిని ఆ రాష్ట్రపు పని భాషగా నిలబెట్టింది. అయినా క్రియల్లో ఇంగ్లీషు వాసన లోపలికి వచ్చింది. ఫ్రాన్సులో ప్రేమలో పడడం 'తోఁబే అమురె', క్యుబెక్‌లో 'తోఁబే ఆఁ నమూర్' కూడా వినిపిస్తుంది. లైటును ఫ్రాన్సులో ఆర్పుతారు, క్యుబెక్‌లో చాలామంది 'ఫెర్మే' అంటూ మూసేస్తారు. ఓడ ఎక్కడానికి, దిగడానికి పుట్టిన ఆఁబార్కే, దెబార్కే అక్కడ మామూలు కారుకూ సరిపోతాయి. కారు ఎక్కమని పిలవడానికి 'ఆఁబార్క్!' అంటే చాలు. షాపింగ్‌కు ఫ్రాన్సు ఇంగ్లీషు మాటనే తెచ్చుకుని 'ఫేర్ ద్యూ షాపింగ్' అంటుంటే, క్యుబెక్ మాత్రం కొట్టు అనే అర్థమున్న 'మగజేఁ' నుంచి 'మగజినే' అని సొంత క్రియ పుట్టించుకుంది. ఎవరు ఇంగ్లీషుకు లొంగారో ఎవరు లొంగలేదో తేల్చడం అంత తేలిక కాదు. 'టేక్ ఎ వాక్'కు మాత్రం క్యుబెక్‌లో 'ప్రాఁద్ర్ యూన్ మార్ష్' అనేవాళ్ళు ఉన్నారు, అచ్చం ఇంగ్లీషు పోకడ. ఆ మాటే పారిస్‌లో అంటే పార్కు దారి చూపించేవాళ్ళు దొరకరు. 'మార్ష్' అంటే వాళ్ళకు ముందుగా తోచేది మెట్టు.